విలంబిత్‌లోనూ తాళం ఉంది

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ బెంగళూరు పేజీలో వచ్చిన హిందుస్తానీ గాత్ర కచేరీ సమీక్ష చదివాను. గాయకుడు మొదటి ముప్పావుగంట తాళంతో పని లేకుండా పాడారని రాశారు. ఆ సభలో నేనూ ఉన్నాను. ఆయన పాడింది విలంబిత్ ఏక్‌తాల్, అంటే చాలా నెమ్మది నడకలో ఏక్‌తాల్ అనే తాళం. తబలా అందుకున్న క్షణం నుంచి ఒక్క మాత్ర (తాళంలో ఒక లెక్క) తప్పలేదు.

మల్లేశ్వరంలో పిల్లలకు వీణ నేర్పుతుంటాను కాబట్టి ఆ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించగలను. మన కర్ణాటక కచేరీలో తాళం చేతిలో ఉంటుంది. గాయకుడు తొడ మీద వేస్తాడు, ముందు వరసలో సగంమంది వేస్తారు. మృదంగం మాత్రం కీర్తన నడకను బట్టి ఎప్పటికప్పుడు కొత్తగా పలుకుతుంది. హిందుస్తానీలో గాయకుడి చెయ్యి తాళం వెయ్యదు, రాగం వెంట గాలిలో తిరుగుతుంది. తాళాన్ని నిలిపే పని తబలాది. ఠేకా అనే స్థిరమైన బోల్‌ల (తబలా పలుకుల) వరసను అది ఆవర్తనం (తాళం ఒక చుట్టు) తరవాత ఆవర్తనం వాయిస్తూనే ఉంటుంది. వేసే చేతిని వెతికితే తాళం దొరకదు.

ఏక్‌తాల్ ఠేకా 12 మాత్రలు: ధిన్, ధిన్, ధాగే, తిరకిట, తూ, నా, కత్, తా, ధాగే, తిరకిట, ధిన్, నా. మాత్రకు నాలుగు సెకన్లు అనుకున్నా ఆవర్తనానికి 48 సెకన్లు. అంతసేపు వేళ్లు లెక్కపెడుతూ కూర్చుంటే ఇక రాగం వినేదెప్పుడు? తిరకిట కోసం చెవి ఒగ్గితే చాలు, అదే మైలురాయి. అది ఆవర్తనంలో రెండుసార్లు వస్తుంది. మొదటిదాని వెనక వచ్చే ‘తూ, నా’లలో ఎడమ చేతి డగ్గా గుంకారం ఉండదు. రెండోదాని వెనక ‘ధిన్’లో అది మళ్లీ పలుకుతుంది. అక్కడికి ఇంకా రెండే మాత్రలు, ఆపైన సమ్, అంటే ఆవర్తనం మొదటి మాత్ర. ఆ దగ్గర్లోనే గాయకుడు ముఖడా (పాట పల్లవి ఎత్తుగడ) ఎత్తుకుని సమ్ మీద దిగుతాడు. తెలిసిన శ్రోతల తల ఊగేది అక్కడే. (కొన్ని సభల్లో మైకులు సర్దేవారు డగ్గాను పూర్తిగా తగ్గించేస్తారు. అప్పుడు ఈ ఆనవాలు కూడా పోతుంది. ఆ తప్పు సమీక్షకుడిది కాదు.)

ఇందోర్ ఉస్తాద్ అమీర్ ఖాన్ 14 మాత్రల ఝూమ్రా తాళాన్ని ఇంకా నెమ్మదిగా పాడేవారు. ఆయన పాటలోనూ తాళం లేదని రాస్తామా?

కర్ణాటక సంగీతం తెలిసినవారికి రూపక్ తాళం మరో చిక్కు. మన రూపకం అనుకుని మూడు దెబ్బలు వేస్తూ పోతే రెండో ఆవర్తనానికే దారి తప్పుతారు. హిందుస్తానీ రూపక్ ఏడు మాత్రలు, 3, 2, 2గా విడుతుంది. ఆ విభజన మన తిశ్రజాతి త్రిపుట తాళానిది. పైగా ‘తిన్ తిన్ నా’ అంటూ సమ్ దగ్గరే ఖాలీతో (గట్టి దెబ్బ లేని చోటుతో) మొదలవుతుంది కనుక గట్టి దెబ్బను సమ్ అనుకుంటే నాలుగో మాత్ర దగ్గర తేలతారు.

మల్లికార్జున మన్సూర్, గంగూబాయి హానగల్, భీమ్‌సేన్ జోషీల రాష్ట్రంలో ఉంటున్నాం. ఇక్కడి తెలుగువాళ్లు ఆ కచేరీలకు బాగానే వెళతారు. కాబట్టి సమీక్షల్లో రాగం పేరు పక్కన తాళం పేరు, మాత్రల సంఖ్య కూడా వేయించండి. తబలా వాయించినవారి పేరు చివరి వాక్యంలో ‘సహకరించారు’ అని ముగించకుండా, ఆయన ఏం వాయించారో ఒక్క ముక్క రాయించండి.

ఇట్లు,
ఒక వీణ ఉపాధ్యాయురాలు,
మల్లేశ్వరం, బెంగళూరు