బ్యాగుల తూకం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం తొమ్మిదో తరగతి పిల్లల బ్యాగులు వరండాలో ఖాళీ చేయించి తూకం వేశామన్న సంగతి మీ ఫోను గ్రూపుల్లో బాగా తిరుగుతోందని విన్నాను. నిజమే, చేయించింది నేనే. ఆటల పీరియడ్‌లో భుజాలు పట్టుకుని కూర్చుండిపోయే పిల్లలు ఎక్కువవుతుంటే ఊరుకోవడం నాకు చేతకాదు. ఏ బ్యాగు ఎవరిదో పైకి చెప్పలేదు కాబట్టి ఎవరి పరువూ పోలేదు.

బ్యాగు బరువు పిల్లల బరువులో 10 శాతం దగ్గర ఆగితే మంచిది. 45 కిలోల పిల్లకు అది 4.5 కిలోలు. నిండు లీటరు నీళ్ల సీసాయే కిలో దాటుతుంది! మోసే తీరు కూడా చూడాలి. ఒక్క భుజానికే తగిలిస్తే పట్టీ జారకుండా ఆ భుజాన్ని పైకెత్తి పట్టుకోవాలి. మెడ నుంచి భుజానికి వచ్చే కండరం బిగుసుకుంటుంది, ఒళ్లు రెండో వైపు ఒరుగుతుంది. పట్టీ సన్నదైతే చేతికి వెళ్లే నరాలు నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. వెన్నెముక శాశ్వతంగా వంకర పోతుందని కొందరు భయపడుతున్నారు. దానికి ఆధారం లేదు. నొప్పి ఉంది, అది చాలదా?

పద్నాలుగేళ్ల వాళ్లు ఉపన్యాసం వినరు. అందుకే వాళ్లచేతే సర్దించాం: బరువైన పుస్తకాలు వీపుకు ఆనించి, రెండు పట్టీలూ బిగించి, మోకాళ్లు వంచి ఎత్తడం. ఎప్పుడూ నోరు మెదపని ఒక వెనక బెంచీ అబ్బాయి ఆరో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికీ ఓపికగా పట్టీలు సరిచేస్తుంటే ఉపాధ్యాయులం చూస్తూ నిలబడిపోయాం. ఇద్దరు అమ్మాయిలు ఏ రోజు ఏ పుస్తకాలు చాలో పట్టిక గీశారు. మా టైంటేబుల్ కంటే అదే నయం.

ఇక ఇంటి సంగతి. పదో తరగతి దాకా వస్తుందని వీపు కంటే పెద్ద బ్యాగు దయచేసి కొనకండి, చోటుంటే నిండుతుంది. ఎందుకైనా మంచిదని అన్ని పుస్తకాలూ కుక్కేది చాలాసార్లు పిల్లలు కాదు. ఒక బ్యాగులో నిరుటి అట్లాసు దొరికింది, సర్దింది నాన్నగారట! రాత్రే వాళ్లను సర్దుకోనివ్వండి. నొప్పి తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించండి.

లైబ్రరీ పుస్తకాలు ఈ వారంలో తిరిగి ఇవ్వాలి, ఫీజు రసీదులు ఆఫీసులో ఉన్నాయి. శనివారం ఉదయం 10 గంటలకు తల్లిదండ్రుల సమావేశం. పిల్లలతోనే రండి, బ్యాగు మాత్రం వాళ్లనే మోయనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు