తలల లెక్క సరే, దూరం లెక్కేది?

సంపాదకులకు,

మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దశాబ్దాలుగా నడుస్తున్న నిబంధన. ఉపకేంద్రాలకైతే 5,000, 3,000. కాగితం మీద బాగానే ఉంది. కానీ పాడేరు ఏజెన్సీ లాంటి చోట 20,000 మంది ఒక్కచోట ఉండరు. కొండ మీద పది గడపలు, వాగు అవతల మరో ఇరవై. అన్నీ కూడి సంఖ్య నిండేసరికి, చివరి గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకురావాల్సినంత దూరమవుతుంది. ఆ దూరం ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు.

1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పడానికి బ్రిటిష్ పాలనలో వేసిన భోర్ కమిటీ తక్షణ ఏర్పాటుగా 40,000 మందికి ఒక కేంద్రం చాలంది. దీర్ఘకాలిక లక్ష్యం మాత్రం 10,000 నుంచి 20,000 మందికి ఒకటి, అదీ 75 పడకలతో! స్వాతంత్ర్యం రాకముందు రాసిన మాట అది. ఇప్పుడు ఆ ఊసెత్తేవారే లేరు.

మైదానంలో చిక్కు వేరు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. 2011 అంకెలు పట్టుకుని కూర్చుంటే, ఈలోగా పెరిగిన ఊళ్లకు కొత్త కేంద్రం ఎలా వస్తుంది?

ఏజెన్సీలో కేంద్రం మంజూరు చేసేటప్పుడు జనాభాతో పాటు, వానాకాలంలో నడిచి చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా అధికారులు లెక్కలోకి తీసుకోవాలి.

– ఒక పాఠకుడు