పిల్లలతో రైలు చూడటానికి వెళ్లేటప్పుడు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఎల్.కె.జి. నుంచి రెండో తరగతి దాకా మన పిల్లలకు ఈ నెల పాఠం రైలు. పర్లాకిమిడిలో ఉంటూ ఈ పాఠాన్ని పుస్తకంలో బొమ్మ చూపించి సరిపెట్టకూడదు. నౌపడ నుంచి మన ఊరికి 1900లోనే చిన్నబండి వచ్చింది. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. 2004లో దాన్ని ఆపి, ఆ తర్వాత పెద్ద పట్టాలు వేశారు. ఆ చిన్నబండి ఎక్కిన తాతయ్యలు, అమ్మమ్మలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ముందు వాళ్ల చేత చెప్పించండి.

తర్వాత వాకిట్లో ముగ్గుపిండితో రెండు జతల గీతలు గీయండి. పాత పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అంటే 76 సెంటీమీటర్లు. ఇప్పటి పట్టాలకు 1676, అంటే 168 సెంటీమీటర్లు. ఏది ఎన్ని జానలుందో పిల్లల్నే కొలవనివ్వండి.

రైలు పట్టాల మీంచి ఎందుకు పడిపోదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దానికి రెండు పేపర్ టీ కప్పులు చాలు. మూతులు ఎదురెదురుగా పెట్టి చుట్టూ టేపు వేయండి. మీటరు పొడవున్న సన్నని వైరింగు పైపులు రెండు 6 సెంటీమీటర్ల ఎడంలో పరిచి, ఒక చివర కింద 3 సెంటీమీటర్ల మందం పుస్తకం పెట్టండి. కప్పుల జతను కొంచెం పక్కకు పెట్టి వదిలినా అటూ ఇటూ ఊగి మధ్యకు వస్తుంది. ఇప్పుడు అడుగులు కలిపి అతికించి వదలండి, పక్కకు పడిపోతుంది. రైలు చక్రం కూడా లోపలి వైపు కాస్త లావు, బయటి వైపు సన్నం. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. బండి ఏ పక్కకు జరిగితే ఆ పక్క చక్రం లావు భాగం మీద దొర్లి, ఒక్కో చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. అందుకే మళ్లీ మధ్యకు తిరుగుతుంది. చక్రం లోపలి అంచు గట్టి మలుపుల్లో కాపు కాస్తుంది. కప్పులు మీ ఇంట్లో సరిగా దొర్లకపోతే ముందు టేపు చూడండి, జత వంకరగా అతికి ఉంటుంది. లేదా ఒక పైపు రెండోదానికంటే ఎత్తుగా ఉంటుంది. వాలు మరీ ఎక్కువైనా కప్పులు ఎగిరిపోతాయి.

ఇక స్టేషను. ప్లాట్‌ఫాం టిక్కెట్టు 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. ఒకసారి వెళ్తే ఒకే విషయం చూపించండి. మొదటిసారికి చివరి పెట్టె మంచిది. దాని వెనక పసుపు రంగులో పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే పెట్టెలేవీ దారిలో తెగిపోకుండా బండి మొత్తం వచ్చిందని స్టేషను వాళ్లకు తెలుస్తుంది. ఇది తెలిసిన పిల్లలు ఇంజను వెళ్లిపోయినా చివరి దాకా నిలబడి చూస్తారు. ఇంకోసారి పాతపట్నం దాకా బండెక్కండి. అక్కడ స్టేషను బోర్డు మీద తెలుగు, మన ఊళ్లో ఒడియా. రెండు లిపులూ నేర్చుకుంటున్న మన పిల్లలకు అంతకంటే మంచి అక్షరాభ్యాసం లేదు. అయిదేళ్లు నిండని వారికి టిక్కెట్టు అక్కర్లేదు.

నౌపడ దాకా వెళ్తే, అది మెయిన్ లైను స్టేషను కాబట్టి అక్కడ ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌లు ఉంటాయి. పసుపు గీతకు ఇంకో రెండడుగులు వెనకే, చెయ్యి పట్టుకునే నిలబడండి. ఆ సమయంలో ఫోనులో వీడియో తీయకండి, మీ రెండు చేతులూ పిల్లవాడికే కావాలి. గేటు వేసి ఉంటే కింద నుంచి దూరడం మీరు కూడా చేయొద్దు. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

కొందరు పిల్లలు హారనుకు బెదిరి ఏడుస్తారు. బుజ్జగించి ముందుకు తీసుకెళ్లకండి. ఇంజను ఆగే చివర వదిలి ప్లాట్‌ఫాం మధ్యలో నిలబడండి, చెవులు మూసుకోమనండి. అప్పటికీ భయపడితే ఇంటికి వచ్చేయండి, వచ్చే వారం మళ్లీ వెళ్లొచ్చు.

సోమవారం పిల్లలతో రెండేసి పేపర్ కప్పులు పంపండి. పైపులు, టేపు బడిలో ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని