లేబుల్ మీద ఆ మాట ఎందుకు వేయలేదంటే

మేం తయారుచేసే బట్టలుతికే లిక్విడ్‌కు కొత్త లేబుల్ వచ్చాక చాలామంది ఒకటే అడుగుతున్నారు: "చేపలకు హాని లేదు, చెరువులకు క్షేమం అని పెద్దక్షరాల్లో వేసుకోవచ్చు కదా, అందరూ వేసుకుంటున్నారుగా?" వేస్తే అమ్మకాలు పెరుగుతాయని నాకూ తెలుసు. డిజైనర్ ఆకు బొమ్మ కూడా గీసిచ్చాడు, ముచ్చటగా ఉంది. అయినా వేయలేదు. కారణం రెండు ముక్కల్లో తేలేది కాదు, కాస్త ఓపిగ్గా చదవండి.

బట్టల మురికి వదలాలంటే నీటికీ జిడ్డుకీ పొత్తు కుదరాలి. ఆ పని చేసేది సర్ఫాక్టెంట్. అది లేకుండా లిక్విడ్ లేదు, పౌడర్ లేదు. చేప మొప్పల మీద కూడా పల్చటి జిగురు పొర ఉంటుంది, దాని ఊపిరిని కాపాడేది అదే. బట్ట మీది జిడ్డును లాగి, మొప్ప మీది పొరను వదిలేసేంత తెలివి ఏ సర్ఫాక్టెంట్‌కూ ఉండదు. ఎక్కువగా వాడే రకం లీటరు నీటిలో కొన్ని మిల్లీగ్రాములున్నా చాలా చేపలకు ప్రాణం మీదికొస్తుంది. మేం వాడేదీ ఆ కుటుంబంలోదే. కాబట్టి "హాని లేదు" అని రాస్తే అబద్ధమే. చెరువుకు చేరేలోపు అందులో ఎంత బ్యాక్టీరియా వల్ల విరిగిపోతుంది, ఎంత మిగులుతుంది అన్నదే చూడాల్సిన లెక్క.

దానికి పరీక్షలున్నాయి. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రూపొందించిన, 301 అని పిలిచే పద్ధతుల్లో పదార్థాన్ని బ్యాక్టీరియా ఉన్న నీటిలో కలిపి 28 రోజులు చూస్తారు. వాడిన ఆక్సిజన్‌ను బట్టి లెక్కేస్తే కనీసం 60 శాతం విరిగిపోవాలి. మా సర్ఫాక్టెంట్ అది నెగ్గిందే. కానీ అది ల్యాబ్ సీసాలో, ఆక్సిజన్‌కు కరువు లేని చోట జరిగే పని. మీ బాత్రూమ్ నీళ్లు మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్తుంటే అక్కడ గాలి కొట్టి తిప్పుతారు కాబట్టి చాలావరకు అక్కడే విరిగిపోతుంది. నేరుగా కాలువలో పడి గంటల్లో చెరువు చేరితే 28 రోజుల మాట ఎక్కడ? అడుగు బురదలో ఆక్సిజన్ ఉండదు, అక్కడ చేరిందైతే అంత తేలిగ్గా విరగదు.

విరిగిపోయినా తిప్పలు తీరవు. బ్యాక్టీరియా మన సబ్బును తినేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, చేప పీల్చుకోవాల్సిందీ అదే. అసలు నీటిలో ఉండేదే కొంచెం. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకు ఏడున్నర. గాలిలో దొరికేదానిలో ఇది దాదాపు ముప్పయ్యో వంతు.

ఫాస్ఫేట్ ఎందుకు తీసేశారని అడిగినవాళ్లకు ఇప్పుడు చెప్తాను. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచి సబ్బును సులువుగా పనిచేయించడంలో దాన్ని మించింది లేదు, అందులో అనుమానం లేదు. చిక్కు అది చెరువుకు చేరాకే. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక చిన్న సరస్సును నడుమ తెర కట్టి రెండు భాగాలు చేసింది. దాని పేరు 226వ నంబర్ సరస్సు. ఒకవైపు కార్బన్, నైట్రోజన్ కలిపారు. రెండోవైపు ఆ రెంటితో పాటు, ఫాస్ఫేట్‌లో ఉండే ఫాస్ఫరస్ కూడా. ఫాస్ఫరస్ పడిన సగం పచ్చగా నాచు పట్టింది, రెండోది మామూలుగానే ఉండిపోయింది. పైనుంచి తీసిన ఫోటో ఎప్పుడైనా దొరికితే చూడండి. ఫాస్ఫేట్ వల్ల ఏమీ కాదని వాదించేవాళ్ల నోరు మూయించడంలో ఆ ఒక్క ఫోటో చాలా పని చేసింది.

నాచు పెరిగితే చేపలకు తిండేగా అనిపించవచ్చు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది నిజమే, రాత్రి మాత్రం తనే పీల్చుకుంటుంది. చచ్చి అడుగున పడ్డ నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఇంకాస్త లాగేస్తుంది. అందుకే నాచు మేటవేసిన చెరువుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని తేలుతుంటాయి. సూర్యోదయానికి ముందే ఆక్సిజన్ అన్నిటికంటే అడుగంటేది. చేపల చెరువులు పెంచేవాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు. యూరోపియన్ యూనియన్ 2013 నుంచి ఇళ్లలో వాడే బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫరస్‌కు గట్టి పరిమితి పెట్టింది కూడా ఇందుకే. అలాగని మేం ఫాస్ఫేట్ తీసేయగానే ఏ చెరువూ బాగుపడదు. పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, శుద్ధి చేయని మురుగు చాలాచోట్ల మనకంటే ఎక్కువ ఫాస్ఫరస్ మోసుకొస్తాయి. మా వంతు ఆపుకున్నాం, అంతే.

ఫాస్ఫేట్ బదులు సిట్రేట్ వేస్తున్నాం, అంటే నిమ్మ ఉప్పు నుంచి వచ్చే లవణం. సబ్బుకు నురగ రాని గట్టి నీళ్లున్న ఇళ్లలో అది ఫాస్ఫేట్ అంత బాగా పనిచేయదు. తెలుపు మెరిపించే బ్రైటెనర్లు కూడా తీసేశాం, ఎందుకంటే వాటిని బ్యాక్టీరియా సరిగా విరగ్గొట్టలేదు. ఈ రెండింటి వల్ల తెల్లబట్టల్లో ఆ నీలి మెరుపు తగ్గింది. మీకు అలా అనిపిస్తే అది మీ భ్రమ కాదు.

నురగ తక్కువన్న ఫిర్యాదుకు మాత్రం నేను తలవంచను. నురగకూ మురికి వదలడానికీ పెద్ద సంబంధం లేదు. 1950లలో అమెరికా, యూరప్‌లలో వాడిన డిటర్జెంట్ అణువులు కొమ్మలు కొమ్మలుగా ఉండేవి, బ్యాక్టీరియాకు కొరుకుడు పడేవి కావు. నదుల మీద నురగ గుట్టలు పేరుకుంది అప్పుడే. 1960ల నడుమ కంపెనీలు తిన్నటి గొలుసు అణువులకు మారాక ఆ గుట్టలు తగ్గాయి.

ఇంకా నాకు నచ్చనిది ఒకటి సీసాలో మిగిలే ఉంది. లిక్విడ్‌లో నీళ్లుంటాయి కాబట్టి బూజు పట్టకుండా ప్రిజర్వేటివ్ వేయాలి. మేం వాడేది ఐసోథయజోలినోన్ రకం. చాలా కొంచెమే వేస్తాం, కానీ సూక్ష్మజీవుల్ని చంపడమే దాని ఉద్యోగం. నీటిలో బతికే చిన్న ప్రాణుల్ని కూడా అది వదలదు. పౌడర్‌లో నీళ్లుండవు కాబట్టి దీని అవసరమే రాదు. అందుకే త్వరలో పౌడర్ తెస్తున్నాం. లిక్విడ్ ఆపేయడం లేదు, ఎంచుకోవడం మీ ఇష్టం.

మా చేతిలో లేని సంగతీ ఉంది. 2016లో ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కేస్తే, ఆరు కిలోల అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్ దారం) బట్టలు ఒక్కసారి ఉతికినప్పుడు ఏడు లక్షలకు పైగా సన్నటి పోగులు ఊడొచ్చాయి. మంచి సబ్బు వాడినంత మాత్రాన ఆ పోగులు ఆగవు.

ఇక లేబుల్ ముందువైపు పేరు, పరిమాణం మాత్రమే ఉంటాయి. వెనకవైపు ఏమేం వేశామో అన్నీ రాశాం, ప్రిజర్వేటివ్ పేరుతో సహా. మూతలో కొలత గీత కిందికి జరిపాం. దానికి మించి పోస్తే బట్టలేమీ అదనంగా తెల్లబడవు, జాడించడానికి మాత్రం ఇంకో బకెట్ నీళ్లు కావాలి. పౌడర్ వచ్చాక గట్టి నీళ్లున్నవాళ్లు ఒకేసారి పెద్ద ప్యాకెట్ ఆర్డర్ పెట్టొద్దు. ముందు చిన్నది తీసుకుని తెల్లబట్టల మీద వాడి చూడండి, నచ్చకపోతే మిగిలింది వెనక్కి పంపితే డబ్బులు తిరిగిచ్చేస్తాం.