శీనుగాడికి, ట్రోమ్సో టికెట్లు కొనేముందు

ఒరేయ్ శీనూ,

అరోరా, అదే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు, చూడ్డానికి నార్వేలోని ట్రోమ్సోకి వెళ్తానన్న నీ మెసేజీ చూశాను. "రెండు రాత్రులు చాలు కదా, ఒకటి అరోరాకి, ఒకటి రెస్టుకి" అంటావా? టికెట్టు కొన్నాం కదా అని టైముకి బొమ్మ పడడానికి అదేమన్నా మన ఊరి సినిమా హాలనుకున్నావా! కనీసం నాలుగు రాత్రులు పెట్టుకో. నేను ఫిబ్రవరిలో ఐదు రాత్రులుంటే మొదటి మూడూ మబ్బే. హోటల్ కిటికీ దగ్గర కూర్చుని కారప్పూస తిన్నాను.

నువ్వు కేపీ అంకె గురించి తెగ చదివినట్టున్నావు. సూర్యుడి తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లల్లాడుతోందో చెప్పే కొలత అది, సున్నా నుంచి తొమ్మిది దాకా ఉంటుంది. పెరిగేకొద్దీ అరోరా దక్షిణానికి దిగొస్తుంది. 2024 మేలో అలా పెరిగినప్పుడే మన లడాఖ్‌లో, హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకి ఎర్రటి మెరుపు చిక్కింది. ట్రోమ్సో అయితే 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన, అరోరా తరచూ వెలిగే వలయం కిందే ఉంది. అక్కడ కేపీ రెండున్నా చాలు. నీ అసలు శత్రువు మబ్బు. అరోరా వెలిగేది దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున, అంతకు పైన. మబ్బులేమో మన నెత్తి మీదే. అడ్డం పడితే పైన ఎంత తాండవం జరిగినా మనకి చీకటే. అందుకని కేపీ కన్నా ముందు 'యర్' అనే నార్వే వాతావరణ యాప్ చూడు.

టూరు వాళ్ళ పని కూడా మబ్బులేని చోటు వెతకడమే. నాలుగో రాత్రి మమ్మల్ని స్కిబోట్న్ లోయ మీదుగా ఫిన్లాండ్ వైపు రెండు గంటలకు పైగా తీసుకెళ్ళారు. సముద్రపు తేమని కొండలు ఆపేస్తాయట, అటువైపు ఆకాశం తేటగా ఉంటుంది. సరిహద్దు దాటొచ్చు కాబట్టి పాస్‌పోర్టు జేబులో ఉంచుకో.

వ్యాను దిగి పైకి చూస్తే ఏముందనుకున్నావు? కుండలోంచి ఒలికిన పల్చటి మజ్జిగలా ఒక బూడిదరంగు చార. "ఇది మబ్బు కదండీ" అన్నాను. పక్కనే నిలబడ్డ తమిళమ్మాయి ఫోనెత్తి ఫోటో తీసింది. స్క్రీను మీద పచ్చగా వచ్చింది! చీకట్లో మన కళ్ళకి రంగులు సరిగ్గా ఆనవు, కెమెరా మాత్రం కొన్ని సెకన్లపాటు వెలుగు పోగేసుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి అదే రంగు కళ్ళకి కనపడాలనుకుంటే ఏడుపొస్తుంది. ఓపిక పట్టు. ఓ అరగంటకి ఆ చారే లేచింది. గాలికి కర్టెన్ ఊగినట్టు ఊగింది, అప్పుడు కంటికి కూడా పచ్చగానే కనిపించింది, అంచున ఓ క్షణం గులాబీ రంగు. నాలుగు నిమిషాలు. అందరం నోళ్ళు తెరిచి నిలబడ్డాం. నేను ఒక్క ఫోటో కూడా తీయలేదు.

తీయలేకపోయాననడం నిజం. నలభై శాతం చార్జింగ్ ఉన్న ఫోను చలికి చటుక్కున ఆగిపోయింది. నువ్వు ఫోనూ, పవర్ బ్యాంకూ చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకో. ట్రైపాడ్ తప్పనిసరి.

చలి సంగతి. ట్రోమ్సో ఊళ్ళో సముద్రం పుణ్యమా అని మరీ ఘోరం కాదు, లోతట్టుకి వెళితే మైనస్ ఇరవై మామూలే. నేను తెలివిగా మూడు జతల సాక్సులు వేశాను. బూటు బిగిసి, రక్తం ఆడక, వేళ్ళు మొద్దుబారాయి. ఉన్ని సాక్సులు ఒక జత, ఒక సైజు పెద్ద బూటు, అంతే. ఒంటిని అంటుకుని నూలు బనీను వద్దు, చెమటకి తడిసి వణికిస్తుంది. ఊళ్ళో రోడ్లన్నీ గాజుపలకల్లా ఉంటాయి, బూట్ల కింద తగిలించుకునే మేకుల పట్టీలు కొనుక్కో. అక్కడ 'బ్రోడర్' అని అడిగితే ఇస్తారు. చెల్లెమ్మ శాకాహారమని బుకింగ్ అప్పుడే చెప్పు. అర్ధరాత్రి ఇచ్చేది వేడినీళ్ళు పోసే పొట్లం భోజనం, అందులో దుప్పి మాంసం కూడా ఉండొచ్చు.

పిల్లల సెలవులని జూన్‌లో మాత్రం వెళ్ళకు, అక్కడ రాత్రే పడదు! సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా ఎప్పుడైనా సరే, అమావాస్యకి దగ్గరగా అయితే మరీ మంచిది.

ఇంకోటి, నీకు ఆనందం వస్తే ఈల వేసే జబ్బుంది కదా. ఆ వెలుగుల కింద ఈల వేస్తే అవి కిందకి దిగొచ్చి మనిషిని ఎత్తుకుపోతాయని అక్కడి ఆదివాసులైన సామీల పెద్దలు చెప్పేవారట. నాకు నమ్మకం లేదు కానీ, ఆ నాలుగు నిమిషాలూ నేనైతే కిక్కురుమనలేదు. తేదీలు ఖాయం కాగానే రాయి, నా చలికోటు పంపిస్తాను.

నీ,
రాంబాబు