నీలం డబ్బా చేసిన నిర్వాకం

కొలతల రాయుడూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఎన్ని తిట్లు తిట్టుకున్నావో, అన్నీ నాకు చెందవలసినవే. మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను: అందరం క్షేమం, అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, చిన్నది పరీక్ష గట్టెక్కింది, నువ్వు అడిగిన గొడుగు ఇంకా అక్కడే వేలాడుతోంది (దాన్ని నేను తియ్యను, ఎందుకో నీకు తెలుసు). ఇక అసలు సంగతి. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, నువ్వయితే సగం నవ్వి సగం తిడతావు కాబట్టి నీకే రాస్తున్నాను.

మన టన్ను హాయిస్టు గుర్తుంది కదా, మూల బల్ల పైన వేలాడే, చైనుతో బరువులెత్తే కరెంటు యంత్రం. నువ్వు వెళ్ళాక దాని ఆలనాపాలనా నా నెత్తిన పడింది. ప్రతి నెలా మొదటి శనివారం నీలం డబ్బా తెరిచి, చైను పొడవునా గ్రీజు దట్టంగా పట్టించేవాణ్ణి. మోచేతుల దాకా నలుపు. చూసినవాళ్ళు మెచ్చుకునేవారు, నేను పొంగిపోయేవాణ్ణి. మూడేళ్ళు, రాయుడూ!

పోయిన మంగళవారం ఒక గేరుపెట్టెను ఎత్తుతున్నాం. నడుము ఎత్తుకు వచ్చేసరికి పైన ‘టక్’ అంది. బరువు ఒక్క కుదుపు కుదిపి మళ్ళీ పైకి సాగింది. ఇంకో జానెడు వెళ్ళగానే మళ్ళీ టక్. ఎర్ర బటన్ నొక్కేశాను. నా గుండె ఎక్కడ ఉందో వెతుక్కోవలసి వచ్చింది. నెమ్మదిగా కిందికి దింపి, ఖాళీ కొక్కెంతో పైకీ కిందికీ నడిపి చూస్తే చప్పుడే లేదు. బరువు తగిలిస్తేనే దాని నోరు లేస్తుంది. ఇది బ్రేకు గోల అయి ఉంటుందని తేల్చేసి, నిచ్చెన వేసుకుని నూనె డబ్బాతో సహా ఎక్కాను.

అప్పుడు పెద్దాయన అరిచిన అరుపు నువ్వు వినవలసింది. ఇరవై ఏళ్ళలో ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి అనుకుంటాను. “ఆ మూత జోలికి వెళ్ళకు, దిగు!” అన్నారు. దిగాక నెమ్మదిగా చెప్పారు. కరెంటు ఆగగానే లోపలి స్ప్రింగు బ్రేకు పళ్ళేన్ని అదిమి పడుతుంది, ఆ రాపిడే బరువును గాల్లో నిలబెడుతుంది. అక్కడ నూనె చుక్క పడితే రాపిడి పోయినట్టే, బరువు మన కాళ్ళ మీదికి వచ్చినట్టే. నేను సరిగ్గా ఆ పనికే ఎక్కాను. ఇది ఇంట్లో చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

తరవాత ఆయన కొక్కేన్ని బల్ల మీద ఆనించి, చైను వదులుగా పడేలా ఇంకొంచెం దింపించారు. కిరసనాయిలు గుడ్డతో ఒక మూరెడు తుడవమన్నారు. నా గ్రీజంతా దుమ్ముతో కలిసి నల్లని ముద్దలా ఊడి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే గరగర. అంటే నేను నెలనెలా పూసింది సాన పట్టే మసాలా! పక్కపక్క లింకులు రెండింటిని ఎడం చేసి, లోపలి వంపులోకి చూడమన్నారు. అక్కడ పొడిగా ఎర్రటి బూడిద ఉంది. దాని కింద, లింకు లింకును తాకే చోట, చెంచా గుంటలా నున్నగా అరిగిపోయి ఉంది. బయటంతా కొవ్వు, లోపల కరువు. మూడేళ్ళుగా ఒక్క చుక్క కూడా చేరవలసిన చోటికి చేరలేదు.

నువ్వు ఇప్పుడు ‘మరి కొలిచావా?’ అంటావు. అదే, రాయుడూ, అక్కడే నా పరువు పోయింది. పట్టికలో నా సంతకంతో 36 సార్లు ‘కొలత సరి’ అని ఉంది. కొలిచాను కూడా, అబద్ధం కాదు! కానీ ఎక్కడ? కొక్కెం దగ్గర, నేల మీద నిలబడి చెయ్యి అందే చోట. ఆ లింకులు పైదాకా వెళ్ళి, చైనును లాగే చక్రం ఎక్కేది ఎప్పుడో ఒకసారే. మనం రోజూ ఎత్తేది ఆ నడుము ఎత్తుకే కాబట్టి, బరువుతో చక్రం మీద వంగి లేచేవి ఎప్పుడూ ఆ మధ్యలోని లింకులే. అరుగుదలంతా వాటిదే. పెద్దాయన అక్కడ 11 లింకుల పొడవుకు వెర్నియర్ (సన్నని కొలతలు చూపే పనిముట్టు) పెట్టారు. మనది 8 మిల్లీమీటర్ల మందం చైను, ఒక్కో లింకుకు 24 మిల్లీమీటర్ల పొడవు లెక్క, అంటే 11కి 264 రావాలి. పుస్తకంలో 2 శాతం దాటితే మార్చమని ఉంది, అంటే 269 మీద కొంచెం. వచ్చింది 271! ఉక్కు సాగలేదు, ప్రతి కీలు దగ్గరా కాస్త కాస్త అరిగి అంత పొడవు తేలింది. ఆ పొడవు లింకులు చక్రం గుంటల్లో ఇమడక, గట్టు ఎక్కి దిగుతుంటే వచ్చిందే ఆ టక్కు.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఆ పట్టిక తెరవాలంటే సిగ్గుగానే ఉంది. ఆ గేరుపెట్టె కింద కొత్త కుర్రవాడు నిలబడి ఉంటే... సరే, వదిలేద్దాం.

కొత్త చైను ఎక్కించాం. నిలువు లింకుల అతుకు చక్రం వైపు కాకుండా బయటి వైపు ఉండాలట, ఒక్క మెలిక కూడా ఉండకూడదట. నేను రెండుసార్లు తప్పు పెట్టాను, ఆయన రెండుసార్లూ ఏమీ అనకుండా టీ తాగుతూ చూశారు. నూనె వేసే పని ఇప్పుడు ఇలా సాగుతుంది: బరువు లేకుండా చైను వదులుగా ఉంచి, ప్రతి కీలులోనూ గేరు నూనె చుక్కలు వెయ్యాలి, కాసేపు నాననివ్వాలి, పైన మిగిలినది పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. బరువు వేలాడుతుంటే లింకులు ఒకదాన్నొకటి అదిమి పట్టుకుంటాయి, నూనెకు దారే ఉండదు. ఆరు మీటర్లకు 250 లింకులు, లెక్కపెట్టాను (నవ్వకు, నీ అంటువ్యాధి నాకూ వచ్చింది). చైను సంచి అడుగున పేరుకున్న జిగురు మడ్డి కూడా తోడేశాం. అందులో ఏం దొరికిందో ఊహించు. నీ పోయిన పెన్ను మూత!

పాత చైనును ముక్కలుగా కోయించాం, లేకపోతే ఎవరో ఒకరు ‘ఇంకా గట్టిగానే ఉంది’ అని దేనికో కట్టేస్తారు. అందులోంచి ఒక లింకు ఈ కవరులో పెడుతున్నాను. లోపలి వంపును బొటనవేలితో తడిమి చూడు, ఆ గుంట నా మూడేళ్ళ శ్రద్ధ. నీలం డబ్బా మాత్రం పారెయ్యలేదు, దాన్ని ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి, పేరు పెట్టింది నువ్వు కదా.

ఇంకా ఆ చక్రం సంగతి చెప్పనే లేదు, దాని గుంటలు కూడా ఒక పక్క... కుర్రవాడు కేకేస్తున్నాడు. పై హద్దు స్విచ్ (కొక్కెం మరీ పైకి పోకుండా ఆపేది) పరీక్షించాలి, ఖాళీ కొక్కెంతో, నేను కింద లేకుండా. వెళ్ళాలి. మిగతాది

నీ
గ్రీజు మహారాజు