వార్షిక నివేదిక: అంచుల దగ్గర పోయినవి

సభ్యులందరికీ నమస్కారం.

మన ఫొటో క్లబ్ నెలవారీ సమావేశాలు, ఫొటో నడకలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈ ఏడాది ఎక్కువ చర్చ, నిజం చెప్పాలంటే కొంత గొడవ కూడా, క్రాపింగ్ మీదే, అంటే ఫొటో అంచులు కోయడం మీదే నడిచింది.

మొదలైంది మన ప్రదర్శనతోనే. గోడ మీద అన్నీ ఒకే కొలతలో ఉంటే బాగుంటుందని కార్యవర్గం 8×10 అంగుళాలు ఖాయం చేసింది. ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ల్యాబ్‌కు పంపాం. ప్రింట్లు వచ్చాక చూస్తే, గ్రూప్ ఫొటోలో రెండు చివర్లా నిలబడ్డవాళ్లు సగం సగమే మిగిలారు. ల్యాబ్‌ను అనడానికి ఏమీ లేదు. ఆ కెమెరా ఫ్రేము 3:2, అంటే పొడవు మూడు పాళ్లైతే ఎత్తు రెండు. ఎత్తు 8 అంగుళాలైతే పొడవు 12 రావాలి. కాగితం పదే. రెండు అంగుళాలు, అంటే ఫొటోలో ఆరో వంతు, ఎటో ఒకవైపు పోక తప్పదు. ఎటు పోవాలో మనం చెప్పలేదు, మెషీన్ రెండు పక్కలా సమానంగా కోసేసింది.

ఆ దెబ్బతో వర్క్‌షాప్ పెట్టాం. ఒకే ఫొటోను నాలుగు సైజుల్లో వేయించి బల్ల మీద పరిచాం. 4×6లో, 12×18లో ఏమీ పోలేదు, రెండూ 3:2 ఆకారమే. 5×7లో పదిహేనో వంతు పోయింది. 8×10 సంగతి చెప్పుకున్నాం. పెద్ద ప్రింట్‌కు పెద్ద కోత అనుకుంటూ వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. కోత కాగితం ఆకారాన్ని బట్టి పడుతుంది. ఫోన్ ఫొటోలు సాధారణంగా 4:3 కాబట్టి లెక్క తిరగబడుతుంది: 8×10కి దాదాపు సరిపోతాయి, 4×6లో మాత్రం పైనుంచో కిందినుంచో తొమ్మిదో వంతు పోతుంది.

సైజుతో వచ్చే చిక్కు పిక్సెళ్ల దగ్గర, అంటే ఫొటోలోని చిన్న చుక్కల దగ్గర. మన సభ్యుడొకరు 24 మెగాపిక్సెళ్ల ఫొటోలోంచి పిట్టను మాత్రం పావు వంతు ముక్కగా తీశారు. 6000×4000 కాస్తా 3000×2000 అయింది. 4×6లో ఈకలు లెక్కపెట్టొచ్చు. 12×18లో అంగుళానికి 167 పిక్సెళ్లే, ఈకలు కలిసిపోయాయి. "గోడ మీది బొమ్మను ముక్కు ఆనించి ఎవరు చూస్తారండీ?" అని ఆయన వాదన. నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాక నేను సగం ఒప్పుకున్నాను.

వచ్చే ప్రదర్శన నుంచి ఎవరి ఫొటోను వాళ్లే కావలసిన సైజుకు క్రాప్ చేసి ఇవ్వాలి. కోయడం ఇష్టం లేనివాళ్లు తెల్ల అంచు వదిలి మొత్తం ఫొటో వేయించుకోవచ్చు. దీని మీద ఓటింగ్ దాకా వెళ్లాం. తీసేటప్పుడే అంచుల్లో కాస్త జాగా వదలమని అందరికీ మనవి.

గ్రూప్ ఫొటోను 8×12లో మళ్లీ వేయించాం. చివరి ఇద్దరూ ఇప్పుడు పూర్తిగా ఉన్నారు. ఆ సైజు ఫ్రేమే మన బీరువాలో లేదు.

— కార్యదర్శి